గోడుపాట భద్రశాల

ఒక రాజ్యంలో గోడుపాట పాడేవాళ్ళు ముగ్గురు ఉండేవాళ్ళు. ఇద్దరు పోయారు. ఒక అవ్వ మిగిలింది.

ఆమె కిన్నెర భుజాన వేసుకుని, కూతురిని వెంటబెట్టుకుని, ఏడాదికి నలభై ఊళ్ళు తిరిగేది. ఊళ్ళోకి రాగానే పాట ఎత్తుకునేది కాదు. రచ్చబండ దగ్గర కూర్చుని, "ఈ ఏడు మీ ఊళ్ళో ఎవరు ఏడ్చారు?" అని అడిగేది. ఎవరో ఒకరు ముందుకొచ్చి చెప్పేవారు, ఎద్దు చచ్చిందనో, ఇల్లరికపుటల్లుడు అలిగి మిద్దెక్కి దిగడంలేదనో. ఆ మాట పాటలో ఒక చరణమయ్యేది. అన్నిటికంటే పాత చరణం రాలిపోయేది. పాటలో చరణాలు ఎప్పుడూ నలభయ్యే. పాట మాత్రం రెండు ఊళ్ళలో ఒకలా ఉండేది కాదు.

కూతురికి ఆ నలభై చరణాలూ వచ్చు. అయినా ఆమెను ఎవరూ పాటగత్తె అనరు. ఏడ్చినవాళ్ళ నోటినుంచి తానే విని, తానే ఒక చరణం కట్టాలి. అప్పుడే కిన్నెర భుజం మారుతుంది. అది వాళ్ళ కట్టుబాటు. అవ్వకు ఊపిరి తగ్గుతోంది. కిన్నెర భుజం మారకముందే తాను పోతానేమోనని ఆమె బెంగ.

ఈ అవ్వ కూడా పోతే ఎలాగని రాజుకు దిగులు పట్టుకుంది. భద్రాధికారిని పిలిచి, "పాటను జాగ్రత్త చెయ్యి. ఒక్క ముక్క పోకూడదు" అన్నాడు.

భద్రాధికారి నిక్కచ్చి మనిషి. చిన్నప్పుడు ఆ పోయిన ఇద్దరి పాటా విన్నాడు. ఇప్పుడు ఒక్క మాట గుర్తులేదు. అది తన నేరమేనని అతని నమ్మకం. అందుకని పరుగున బయలుదేరి, అవ్వ ఒక ఊళ్ళో ఎవరు ఏడ్చారని అడుగుతుండగా పట్టుకుని, పాట చివరిదాకా విన్నాడు.

"అవ్వా, అసలు పాట ఏది?"

"ఇవాళ్టిదా, నిన్నటిదా?"

"అసలుది."

"అసలుది మా ముత్తవ్వ పాడింది. అందులోవన్నీ ఎప్పుడో రాలిపోయాయి నాయనా."

భద్రాధికారికి చెమటలు పట్టాయి. ఇక ఒక్కటి కూడా రాలకూడదని, ఆ రోజు పాడిందే అసలు పాట అని అక్కడికక్కడే చిట్టాకెక్కించాడు. ఆ రోజు ఏడ్చింది కుమ్మరి ఇల్లాలు, కాగు పగిలిందని. తొమ్మిదో చరణంలో అవ్వ రెండుసార్లు దగ్గింది. పదిహేనో చరణంలో ఒక మేక అరిచింది. ఏది పాటో ఏది కాదో తేల్చడానికి తానెవరు? అన్నీ రాసుకున్నాడు. అవ్వనూ కూతురినీ కుమ్మరి ఇల్లాలినీ మేకనూ బండెక్కించాడు.

రాజధానిలో గుండ్రంగా భద్రశాల కట్టారు. గోడల మీద నలభై ఊళ్ళ బొమ్మలు వేశారు. ఏ ఊరి బొమ్మ కింద ఆ ఊరి దుమ్ము తెచ్చి పోశారు. అవ్వ రోజూ ఆ దుమ్ములో చుట్టూ నడిచి, నలభయ్యో బొమ్మ దగ్గర ఆగి అడగాలి.

"ఈ ఏడు మీ ఊళ్ళో ఎవరు ఏడ్చారు?"

"నేనేనమ్మా. కాగు పగిలింది" అని కుమ్మరి ఇల్లాలు ఏడవాలి. కుడికంట మూడు చుక్కలు, ఎడమకంట రెండు. భద్రాధికారి వంగి చూసి చిట్టాలో టిక్కు పెట్టేవాడు.

మొదట్లో ఆమె మురిసిపోయింది. "కూర్చుని ఏడ్చే కొలువు మా వంశంలో ఎవరికొచ్చింది?" అనేది. మేకకు ఆ మాత్రం సంతోషం కూడా లేదు. దాన్ని పదిహేనో చరణానికి అరిపించడానికి ఇద్దరు భటులు అవస్థపడేవారు.

రెండో ఏడు కూతురు భద్రాధికారి ముందు నిలబడింది.

"అయ్యా, నన్ను ఒక్క చరణం కట్టనివ్వండి."

"కడితే పాతది రాలుతుంది కదా?"

"రాలుతుంది."

"నా కంఠంలో ప్రాణముండగా రాలనివ్వను" అన్నాడు. నిజంగానే అతని కళ్ళు తడిశాయి. "మీ అమ్మ పాట మీద నాకున్న గౌరవం నీకు లేదు పిల్లా."

పక్కనే ఉన్న అవ్వకు నవ్వొచ్చి, నవ్వు దగ్గయింది. అది చిట్టాలో లేని దగ్గు. భద్రాధికారి కంగారుగా కిటికీలన్నీ తెరిపించి దాన్ని బయటికి పంపేశాడు.

మూడో ఏడు ఒక ఉదయం అవ్వ గొంతు లేవలేదు. రెండుసార్లు ప్రయత్నించి గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది.

"నువ్వు పాడు. ఉన్నదున్నట్టు. తొమ్మిదో చరణంలో దగ్గు మరిచిపోకు" అన్నాడు భద్రాధికారి కూతురితో.

కూతురు దుమ్ములో చుట్టూ నడిచింది. నలభయ్యో బొమ్మ దగ్గర ఆగింది. "ఎవరు ఏడ్చారక్కా?" అని అడిగింది.

అక్కా అన్న మాట చిట్టాలో లేదు. భద్రాధికారి తలెత్తేలోపే కుమ్మరి ఇల్లాలు నోరు విప్పింది.

"మూడేళ్ళ నుంచి కాగు కోసమే ఏడుస్తున్నాను చెల్లీ. మొన్న మా అమ్మ పోయిందని కబురొచ్చింది. ఆ రోజు కూడా కాగు కోసమే ఏడ్చాను. అమ్మ కోసం ఇంకా ఏడవనేలేదు."

అని ఏడ్చింది. ఎన్ని చుక్కలో భద్రాధికారి లెక్కపెట్టలేకపోయాడు.

కూతురు కళ్ళు మూసుకుని, అమ్మ కోసం కార్చాల్సిన కన్నీళ్ళు కాగులో పోసిన మనిషిని గురించి ఒక చరణం పాడింది. తాళం ఒకచోట తప్పింది. మేక దానంతటదే అరిచింది.

భద్రాధికారి చిట్టా తిరగేశాడు. మళ్ళీ తిరగేశాడు. "ఇది మా పాట కాదు" అన్నాడు.

"కాదండీ" అంది కూతురు.

"చిట్టాలో లేనిది గంట కొట్టేలోగా గేటు బయట ఉండాలి. అది నేనే రాసిన నిబంధన."

"మరి నేను?" అంది కుమ్మరి ఇల్లాలు కొంగుతో ముఖం తుడుచుకుంటూ.

భద్రాధికారి ఆమెను ఎగాదిగా చూశాడు. "చిట్టాలో ఉన్నామె కాగు కోసం ఏడుస్తుంది. నువ్వెవరో నాకు తెలీదు."

"చల్లగా ఉండు నాయనా" అని ఆమె చెప్పులు వెతుక్కుంది.

అవ్వ కిన్నెర తీసి కూతురి భుజాన వేసింది. భటులు అడ్డం వచ్చారు. భద్రాధికారి వేలితో అక్షరం అక్షరం చదివాడు: "కిన్నెర, అవ్వ భుజాన ఉన్నది." ఈ కిన్నెర అవ్వ భుజాన లేదు. కాబట్టి ఇది ఆ కిన్నెర కాదు. పోనివ్వమని చెయ్యి ఊపాడు.

అవ్వ మాత్రం చిట్టాలో ఉంది. ఆమె లేవడానికి చూడనూ లేదు.

"అమ్మా" అంది కూతురు.

"నడువు బిడ్డా. మొదటి ఊరు ఎండెక్కకముందే చేరాలి."

గేటు తెరుచుకుంది, మూసుకుంది. బయటినుంచి పాట వినిపించింది. కొత్త చరణం, మళ్ళీ అదే చరణం, తాళం అదేచోట తప్పుతూ. భద్రాధికారి కలం పట్టుకుని అవ్వ పక్కన దుమ్ములో కూర్చున్నాడు.

"తప్పు పాడుతోంది కదవ్వా?"

"కాస్త దూరం పోనీ. చెబుతాను."

పాట సన్నబడింది. కోట మలుపు దాటింది. భద్రాధికారి చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. ఇంక అతనికేమీ వినిపించలేదు.

"ఇప్పుడు చెప్పవ్వా. తప్పా, ఒప్పా?"

ఉండమన్నట్టు అవ్వ చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి దించలేదు. ఆమె ఇంకా వింటోంది.