పడుగు కోసిన గైరమ్మ

అనగనగా అనగానే రాజు ఎక్కడ అని అడుగుతారు మీరు. ఈ కథలో రాజు లేడు. ఆ రోజుల్లో రాజెవరో ఈ కథ జరిగిన నేతగాళ్ళ ఊళ్ళో ఎవరికీ తెలీదు. ఒక్కోసారి ఒక్కో రాజు పేరు చెప్పి గుర్రాల మీద మూకలు వచ్చేవి. ఇళ్ళు కాల్చేవి, దొరికినవాళ్ళను లాక్కుపోయేవి. అంచేత అన్నం తింటున్నా అందరి చెవీ వీధిలోనే ఉండేది.

ఊరంటే ఒకటే వీధి, దానికి అటో వరస ఇళ్ళు, ఇటో వరస ఇళ్ళు. ఆ వీధి పొడుగునా, నడుమెత్తున పడుగు చాపి గంజి పెట్టేవారు. పడుగంటే బట్టకు నిలువు పోగులు. ఒక కొస కొండరాయికి కట్టేవారు, అటు దారి లేదు. రెండో కొస ఊరి మొగలో, అంటే ఊళ్ళోకి వచ్చే దారి దగ్గర. పడుగును దాటకూడదు, కింద దూరకూడదు. దాటితే కడుపున పుట్టినవాళ్ళు దక్కరని భయం. ఎంత తొందరున్నా ఊరి మొగ దాకా పోయి చుట్టి రావాల్సిందే.

ఆ వీధిలో ఇటు వరసన గైరమ్మ అని ఒక ముసలిది ఉండేది. నా అన్నవాళ్ళు లేరు. తెగిన పోగులు అతకడం ఆమె పని. పోగు తెగితే "గైరమ్మా!" అని కేకేసేవారు. వచ్చి, ముడేసి, పోయేది. ఆ ముడి ఎవరి కంటా పడేది కాదు. గైరమ్మా పడేది కాదు.

పక్కింట్లో చంద్రి, పచ్చి బాలింత. ఇద్దరు బిడ్డలు పోయాక పుట్టిన ఆడపిల్ల ఆమె ఒళ్ళో ఉంది.

ఒకరోజు "గుర్రాలొస్తన్నాయి!" అని కేక. ఇటు వరసవాళ్ళంతా ఊరి మొగకు పరిగెత్తి, పడుగు చుట్టి, అటు వరస వెనకాల మొగలి పొదల్లో దూరారు. దాక్కోడానికి ఊళ్ళో ఉన్న చోటు అదొక్కటే. తీరా చూస్తే మందలు రేపిన దుమ్ము. అందరూ నవ్వారు.

మళ్ళీ కేక. మళ్ళీ పరుగు. ఈసారి గుర్రాలు నిజంగానే ఊరి పక్కనుంచి పోయాయి. ఎవరూ నవ్వలేదు. చంద్రి అందరికంటే వెనకపడింది.

అది గైరమ్మ చూసింది. కులపెద్ద దగ్గరికి వెళ్ళింది.

"పెద్దయ్యా, పడుగు రెండుగా సాపి నడుమ కాసింత దారొగ్గండి. ఈపాలి ఆ బాలింత గుంట అందుకోలేదు."

"పడుగుకి దారేటే? ముడులేసుకోడమే నీ పని."

మూడోసారి కేక. ఈసారి గుర్రాలు ఊరి మొగలోంచే వచ్చాయి. చుట్టి వెళ్ళే దారే లేదు. ఇటు వరస వరసంతా పడుగు ముందు నిలబడిపోయింది. కులపెద్ద కూడా. డెక్కల చప్పుడు దగ్గరవుతోంది, ఒక్క కాలూ లేవడం లేదు.

"దాటీయే సెంద్రీ!" అంది గైరమ్మ.

"నాను దాటను పెద్దమ్మా. దాటితే ఈ గుంట కూడా పోతాది," అని చంద్రి బిడ్డను హత్తుకుని ఏడ్చింది.

గైరమ్మ ఇంట్లోకి పోయి కొడవలి తెచ్చింది. ఒక్క వేటు వేసింది. ఇంకో వేటు. మూడో వేటుకు పడుగు రెండయి మట్టిలో పడింది.

"ఇప్పుడిది పడుగు కాదర్రా, ఒట్టి నూలు. బేగి రండి!"

అందరూ దాటారు. ఇళ్ళు కాలాయి, మనుషులు మిగిలారు.

మర్నాడు కులపెద్ద బూడిదలో నిలబడి తీర్పు చెప్పాడు. "పడుగు కోసిన సెయ్యి పోగు ముట్టకూడదు." ఆ చెయ్యి తీసిన దారినే తనూ దాటాడు! నాకైతే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. చంద్రి కూడా నోరెత్తలేదు, బిడ్డకేమవుతుందోనని.

ఆ తర్వాత ఎవరూ "గైరమ్మా!" అని కేకెయ్యలేదు. గడప మీద కూర్చుని ఉత్త గాలిలోనే వేళ్ళతో ముడులేసేది. అలాగే ఒక వానాకాలంలో పోయింది.

బిడ్డకు ఏమీ కాలేదు. పెరిగి పెద్దదై తన మొదటి పడుగు చాపింది. అప్పుడు చంద్రి కొడవలి పట్టుకొచ్చి, అందరూ చూస్తుండగా, అందులో ఒక్క పోగు కోసింది. తనే ముడేసింది.

"గైరమ్మా! పెద్దమ్మా! నా గుంట దాటిందే," అని వెక్కి వెక్కి ఏడ్చింది. కేకెయ్యడానికి అన్నేళ్ళు పట్టింది ఆమెకు.

ఇప్పటికీ ఆ వీధిలో పడుగును రెండుగా చాపి, నడుమ మనిషి పట్టేంత దారి వదులుతారు. నేత మొదలుపెట్టే ముందు ఒక పోగు కోసి, "గైరమ్మా!" అని కేకేసి, ముడేస్తారు. అక్కడి తల్లులు కొత్త చీరతో ఉయ్యాల కట్టేటప్పుడు ఆ ముడి కోసం తడుముతారు. అది వేలికి తగిలాకే బిడ్డను పడుకోబెడతారు.

"గైరమ్మ ఉంది, పడుకో," అంటారు.