హైమవతి కూర్చిన పాఠం

డాక్టర్ హైమవతికి కొన్నాళ్ళుగా అన్నం సయించడం లేదు.

సర్జరీ నేర్చుకునే పిల్లల కోసం ఆమె సిమ్యులేటర్ మిషను మీద పాఠాలు కూర్చింది. తెర మీద కనిపించేది ఉత్తుత్తి కడుపే అయినా, కోస్తే నెత్తురు కారుతుంది, తప్పు చేస్తే మార్కులు పోతాయి. ఎంత త్వరగా ముగిస్తే అంత మెప్పు. ఆ పాఠాలను కన్నబిడ్డల్లా సాకింది. కాలేజీ అంతా మెచ్చుకుంటే పొంగిపోయింది కూడా. ఎవరు మాత్రం పొంగిపోరు?

అందులో అందరినీ మించిపోయినవాడు గిరిధర్. అతని చేతిలోనే మొన్న మంగతాయి పోయింది. బట్టలు కుట్టుకుని బతికే మనిషి. పిత్తాశయం తీస్తుండగా నెత్తురు చిమ్మింది. తనే ఆపాలని గిరిధర్ తంటాలు పడ్డాడు. హైమవతి పక్క థియేటర్లోనే ఉంది. నర్సు పరుగెత్తుకొచ్చి చెప్పేసరికి పరిస్థితి చెయ్యి దాటిపోయింది.

"నన్నెందుకు పిలవలేదయ్యా?" అని అడిగింది హైమవతి.

"తట్టలేదు మేడమ్," అన్నాడు గిరిధర్. ఆ తర్వాత అతను థియేటర్ వైపు రాలేదు.

తనకు కత్తి పట్టడం నేర్పిన ఇమ్మానుయేలు గారి దగ్గరికి వెళ్ళి, బతిమాలి, మిషను దగ్గరికి తీసుకొచ్చింది హైమవతి.

"లోపం ఎక్కడుందో మీరే చెప్పండి సార్. నెత్తురు ఆపే పాఠం ఇంకా కష్టంగా పెట్టనా?"

ముసలాయన కళ్ళజోడు సర్దుకుని మిషను ముందు కూర్చున్నారు. పిత్తాశయం పాఠమే పెట్టమన్నారు. కాసేపటికి తెర మీద నెత్తురు చిమ్మింది. ఆయన పరికరంతో అక్కడ అదిమిపట్టి, ఇక కదల్లేదు.

"అమ్మాయ్, ఇలా రా. నాకు సాయం కావాలి."

హైమవతి గబగబా వచ్చి పక్కన నిలబడింది. చెయ్యి వేద్దామంటే రెండో మనిషికి ఆ మిషనులో పిడి కూడా లేదు. గడియారం తిరుగుతూనే ఉంది. మార్కులు తరిగి తరిగి సున్నాకొచ్చాయి. తెర ఎర్రబడింది.

"మధ్యలో ఆపేశారేంటి సార్? అందుకే పోయాయి మార్కులన్నీ."

"నేను పిలిచాను కదమ్మా," అన్నారాయన మెల్లగా. "పిలిచినందుకు ఎన్ని మార్కులు పెట్టావు?"

హైమవతి మిషను ఆపేసింది. ఆ చేత్తోనే మొహం కప్పుకుంది.