ముందు నడిచే తోక

అప్పలాచారి మాస్టారిని ఏ సందేహం అడిగినా, నోరు తెరిచే ముందు చెప్పులు వేసుకుంటారు. ఆ సంగతి తెలిసీ పైడితల్లి ఆ ఉదయం హడావిడిలో అడిగేసింది.

ఎనిమిదితో బడి మానేసి, మిగతా చదువంతా లైబ్రరీ పుస్తకాల్లో తనంతట తాను ఏరుకున్న పిల్ల. హైస్కూలు సైన్సు గదిలో ఒక గోడమీద సూర్యుణ్ణీ తోకచుక్కనూ వేసే పని పట్టుబట్టి సంపాదించింది. సాయంత్రం హెడ్మాస్టరు వచ్చి చూస్తారు. నచ్చితే మిగతా మూడు గోడలూ ఆమెవే. నచ్చకపోతే, "ఎనిమిది చదివినమ్మకి ఆకాశం దేనికి?" అన్న ఊళ్లోవాళ్ల మాటే నెగ్గుతుంది.

"మాస్టారూ, సూర్యుడి నుంచి గాలి వీస్తుందట. కంటికి కనబడదు, ఒంటికి తగలదు. మరి సైంటిస్టులు ఎలా పట్టుకున్నారండీ?"

మాస్టారు గోడకేసి చూశారు. సూర్యుణ్ణి చుట్టి వచ్చిన తోకచుక్క, పరుగెత్తే పిల్ల జడలా నీలం తోకను వెనకేసుకుని దూరంగా పోతోంది. చెప్పులు వేసుకుని, ఆమెను బయటికి తీసుకెళ్లారు.

బడి పక్క కళ్లంలో సూరమ్మ చేటెత్తి ధాన్యం తూర్పారబడుతోంది. "సూరమ్మా, గాలి వీపుకి తగిలేలా తిరిగి, నడుస్తూ ధాన్యం పొయ్యి" అన్నారు మాస్టారు.

"ఈ వయసులో నాకు కవాతేటి బాబూ!" అని నవ్వుతూనే నడిచింది. గింజలు కాళ్ల దగ్గర రాలాయి. పొట్టు ఆమెకంటే ముందు ఎగిరిపోయింది.

"అదేంటి పిన్నీ, నీ వెనకాల కదా రావాలి?" అంది పైడితల్లి.

"నా ఎనకాల రాడానికి అదేటి నా కోడలా? పొట్టు గాలి మాట ఇంటాది గానీ, నా మాట ఇంటాదేటే!"

పైడితల్లి గతుక్కుమంది. "అయితే నా తోకచుక్క..."

"పరికరాలు పైకి పంపి ఆ గాలిలో రేణువులు పట్టడం తర్వాతి మాట. ముందు ఆ నీలం తోక ఎప్పుడూ సూర్యుడికి అవతలివైపే ఉండడం చూసే గాలిని పోల్చుకున్నారు" అన్నారు మాస్టారు.

ఆమె అప్పటికే బడివైపు పరుగెత్తుతోంది.

సాయంత్రం హెడ్మాస్టరు గుమ్మంలో చెప్పులు విప్పి లోపలికొచ్చి, పకపకా నవ్వారు. "తోక ముందు, తల వెనక! ఇదేం నడకమ్మా?"

వెంట వచ్చినవాళ్లూ నవ్వారు. పైడితల్లి చెవులు ఎర్రబడ్డాయి. తడి ఆరని రంగువైపు ఒకసారి చూసుకుంది. తుడిచేస్తే నిమిషం పని.

"అది అంతేనండీ" అంది, కుంచె కిందపెట్టి.

హెడ్మాస్టరు నవ్వు ఆపారు. "అంతే అంటే? ఎందుకో చెప్పు."

ఆమె నోరు తెరవబోయింది. వెనకనుంచి అప్పలాచారి మాస్టారు మెల్లగా అన్నారు:

"చెప్పకమ్మా. చెప్పులు వేసుకోమను."