తవుడు కుండలో గూటం

ఇందుమతి అనే ఆవిడకు అన్యాయం జరిగింది 1996 ఆషాఢంలో, పెన్నేటి ఇసుకలో. చేసినవాడు దొంగ కాడు, దుర్మార్గుడూ కాడు. అనుమానపు మనిషి, అంతే. ఈ సంగతి మా ఆశ్రమంలో పెద్దావిడ బసవమ్మ గారు మాకు చెప్పింది శివశంకరం అడిగిన ప్రశ్నకు జవాబుగా. ప్రశ్నకు సూటిగా బదులివ్వడం ఆమెకు అలవాటు లేదు. ఎక్కడో ఎవరికో జరిగింది చెప్పి, దీపాలకు ఒత్తులు చేసుకుంటూ కూర్చుంటుంది.

శివశంకరం బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైనవాడు. ఆశ్రమం మంచిచెడ్డలు చూసే పని ఎవరూ అడక్కుండానే నెత్తికెత్తుకున్నాడు. ఆ రోజు అతని బాధ కొత్తగా వచ్చిన మొగుడూ పెళ్లాల గురించి. వాళ్లు నెల నుంచీ ఆశ్రమంలో వండుతున్నారు, ఊడుస్తున్నారు, ఏమీ అడగడం లేదు.

"ఏమీ అడక్కుండా చేసేవాళ్లను ఎట్లా నమ్మేదమ్మా? నిన్నటి నుంచి ఆమె వంటింట్లో ఏదో వెతుకుతోంది. పొయ్యి వెనక, బియ్యం డబ్బాలో, గోనెల కింద. నా కళ్లతో చూశాను. ఊరికే వెతుకుతారా ఎవరైనా?"

అనుమానించడానికి చదువు అక్కర్లేదు. చదువుకున్నవాళ్లకు మాత్రం అది ఇంకాస్త నున్నగా వస్తుంది. బసవమ్మ గారు పత్తి విడదీస్తూ మొదలుపెట్టింది.

మూర్తి, ఇందుమతి భార్యాభర్తలు. కొండకో ఏటికో పెద్ద అలంకారం చేస్తారు, కొన్నాళ్లు ఉంచుతారు, తీసేస్తారు. దాన్ని అమ్మరు, దాచుకోరు. ఆ ఏడు పెన్న ఒడ్డున ఒక పల్లెకు వచ్చి ఇంటింటా పాత చీరలు అడిగారు. ఎండిపోయిన ఏరు ఏ దారిన పారేదో ఆ దారంతా చీరలు పరుస్తామన్నారు. ఆడవాళ్లు ఇచ్చారు. మొగవాళ్లు చుట్టలు ముట్టించి ఆలోచనలో పడ్డారు.

మూర్తి గుట్టెక్కి ఏటి వంపు చూసి చెయ్యి ఊపేవాడు. ఇందుమతి కింద ఎండలో బట్ట జరిపి, గాలికి లేవకుండా పెద్ద మేకుల్లాంటి ఇనప గూటాలు కొట్టించేది. చివర్లో అన్నీ ఎత్తి, ఇసుకను ఎప్పట్లా చేసే పూచీ కూడా ఆమెదే. పేపరువాళ్లు వచ్చి గుట్ట మీది మనిషి ఫొటో వేశారు. భార్య "సహకరించారు" అని రాశారు. నడుము విరిగేలా చేసిన ఆడదానికి ఈ దేశంలో దొరికే బిరుదు అది. మూర్తి ఫోన్ చేసి ఇద్దరి పేర్లూ వెయ్యమని తగాదా పడ్డాడు. వాళ్లు వెయ్యలేదు.

ఆ ఇసుకలో ఏటా దోసపాదులు పెట్టుకునే చిన ఓబులేసుకు మాత్రం గూటాల మీదే కన్ను. అందుకు కారణం లేకపోలేదు. రెండేళ్ల కింద పై ఊళ్లో ఎవరో ఇట్లాగే గూటాలు కొట్టి, తాళ్లు పట్టి, ఊరికే కొలుస్తున్నామన్నారు. ఆరు నెలలకల్లా లారీలు దిగి ఇసుకంతా ఎత్తుకుపోయాయి. అక్కడిప్పుడు పాదు పెట్టడానికి చారెడు ఇసుక లేదు.

"చీరలు పరిసేదానికి ఇంత దూరం వస్తారంట్రా? ఆ చీరల కింద ఏముండాదో సూడండి ముందు" అన్నాడు అరుగు మీద.

అతని పెళ్లాం నాగక్క అటే పోతూ ఆగింది. "కట్టుకున్న చీర ఎట్లుండాదో ఇరవై ఏండ్లుగా నీకు పట్టలా. పరిసిన చీర కింద దేవులాడతాండావా?"

అందరూ నవ్వారు. ఓబులేసు నవ్వలేదు. ఒక గూటం పీకి తెచ్చి, మండలాఫీసులో సాక్ష్యంగా చూపిద్దామని ఇంట్లో తవుడు కుండలో పెట్టాడు.

పైన ఆనకట్ట నుంచి నీళ్లు వదులుతారని కబురొచ్చింది. ఇందుమతి చీరలన్నీ ఎత్తించి, ఉతికించి, ఎవరివి వాళ్లకు ఇచ్చేసింది. గూటాలు చూసుకుంటే ఒకటి తక్కువ. పోతేపోనీ అన్నారు ఊళ్లోవాళ్లు. మూర్తి దొరికిన జీపెక్కి ఎటో పోయాడు. ఆవిడ ఒక్కతే ఇసుకలో కూర్చుని చేతులతో తవ్వడం మొదలుపెట్టింది.

ఓబులేసు గట్టు మీద కూర్చుని చూశాడు. "సూసినారా? ఆయప్ప జారుకున్యాడు. ఏందో పూడ్సిపెట్టినారు, ఇప్పుడు ఆయమ్మ తవ్వుకుంటాంది."

ఎవరూ కాదనలేదు. చేతులతో ఇసుక తవ్వే మనిషిని చూస్తే ఎవరికైనా అట్లాగే తోస్తుంది. ఒక ఇనప ముక్క కోసం మనిషి అంత పాటు పడుతుందని, ఆ ముక్క తన ఇంట్లోనే ఉందని ఓబులేసు రెంటినీ కలిపి చూసుకోలేదు.

మూర్తి సాయంత్రానికి నడిచి వచ్చాడు. ఆనకట్ట దగ్గరికి పోయి, నీళ్లు ఒక్క పూట ఆపమని బతిమాలాడట. గూటం కోసమా అని నవ్వి పంపించారట.

"ఆపరట. రేపు మధ్యాహ్నానికి ఇక్కడికొస్తాయి" అన్నాడు.

"అయితే నువ్వు అటు నుంచి రా" అంది ఇందుమతి తలెత్తకుండా. అతను ప్యాంటు మడిచి అటు వైపు కూర్చున్నాడు. చీకటి పడేదాకా తవ్వారు. తెల్లవారి మళ్లీ దిగారు.

నాగక్క చెంబుతో మజ్జిగ తీసుకుపోయింది. "ఏం పోయిందమ్మా, బంగారమా?"

"ఇనప గూటం అక్కా."

"దానికోసరమా ఇంత?"

"మీరు పాదులు చేతులతోనే తవ్వుతారు కదా. వచ్చే ఏడు మీ ఆయన చేతిలో దిగుతుంది."

నాగక్క చెంబు తీసుకుని లేచింది. ఇంటికి పోయి బర్రెకు తవుడు తీయబోతే చేతికి ఇనుము తగిలింది. కుండ తెచ్చి మొగుడి ముందు బోర్లించింది.

"ఆపీసులో సూపిద్దామని..." అన్నాడు ఓబులేసు.

"నాకెందుకు చెప్తావ్? ఎత్తుకో. నువ్వే ఇచ్చి రా."

ఊరంతా చూస్తుండగా అతను ఇసుకలోకి దిగి గూటం చేతికిచ్చాడు. ఇందుమతి దానికి అంటిన తవుడు చూసింది. ఎక్కడ దొరికిందని అడగలేదు. కొంగుతో తుడిచి, "మూర్తీ, దొరికింది. లేచి రా" అంది. వాళ్లు గట్టెక్కిన కాసేపటికి ఏరొచ్చింది.

పాదులు పెట్టేవాళ్లకు ఆ ఊళ్లో ఒక ఆనవాయితీ ఉంది. ఏరొచ్చిన తేదీ ద్వారబంధం మీద రాస్తారు, ఆ రోజుతో వాళ్ల చేను పోతుంది గనక. ఓబులేసూ నాగక్కా ఏటా ఇద్దరూ కలిసి చేసే పని ఏటా నీళ్లపాలే. ఆ ఏడు ఓబులేసు మసితో "11 ఆగస్టు 1996" అని రాసి, దాని పక్కన రెండు పేర్లు రాశాడు. ముందు ఇందుమతి, తర్వాత మూర్తి.

బసవమ్మ గారు ఒత్తి చివర నలిపి పక్కన పెట్టింది. వండే ఆమె దగ్గరుండాల్సిన కొట్టుగది తాళంచెవి మొన్నటి నుంచి కనబడడం లేదని మా అందరికీ తెలుసు. శివశంకరం చెయ్యి జేబు మీదికి పోయింది, లోపల ఏదో గల్లుమంది.

"ఈరోజు తేదీ ఎంత నాయనా?" అంది బసవమ్మ గారు.

"జూలై నాలుగు."

"ఓబులేసు మాదిరి రాసిపెట్టుకో. వంటింట్లో ఆయమ్మ ఇంకా వెతుకుతానే ఉంది."