చలికాలమంతా పట్టిన గ్రహణం

ఒకప్పుడు మన ఒంట్లో నరాలకు చొక్కాలుండేవి కావు. బట్టల్లేకుండానే తిరిగేవి. మెదడు "ముక్కు గోక్కో" అని కబురు పంపితే, అది ఒక నరం మీంచి ఇంకో నరం మీదికి దూకి కాలికి చేరేది. కాలు వెళ్ళి పక్కవాణ్ణి తన్నేది. అక్షింతలు వేయబోయి పెళ్ళికొడుకును తన్నిన మేనమామలు ఎందరో!

నరాలకు సిగ్గేసింది. అన్నీ కలిసి సూర్యుడి దగ్గరికి వెళ్ళి చొక్కాలు కుట్టిపెట్టమన్నాయి.

సూర్యుడు మంచి దర్జీ. "సరే, బిడ్డ కడుపులో ఉన్నప్పుడు తల్లిని కాసేపు నా ఎండలో కూచోమనండి, కుట్టేస్తాను. చొక్కా మీద నా ముద్ర కూడా వేస్తాను. నెత్తుట్లో తిరిగే సిపాయిలకు చూపు సరిగా ఆనదు. ముద్ర వెలిసిపోయి కనబడితే దొంగనుకుని చొక్కా చింపేస్తారు" అన్నాడు.

అంతా బాగానే సాగింది, మాణిక్యాలమ్మ మంచుకొండల అవతలికి వెళ్ళేదాకా.

మాణిక్యాలమ్మది ఎండలు మండే ఊరు. ఉన్ని వ్యాపారమని కొడుకు కాపురం ఆ చలిదేశానికి మార్చాడు. కోడలు చిలకమ్మ కడుపుతో ఉంది. చలికాలం వచ్చింది. సూర్యుడు మబ్బుల దుప్పటి కప్పుకుని ముసుగుతన్ని పడుకున్నాడు.

అలాంటిది మాణిక్యాలమ్మ పుట్టి బుద్ధెరిగి చూడలేదు. "గ్రహణం పట్టిందే కోడలా. కడుపుతో ఉన్నదానివి, గడప దాటకు. కత్తిపీట ముట్టకు" అంది. కిటికీలకు కంబళ్ళు కట్టింది. ఊరగాయ జాడీల మీద దర్భలు పరిచింది. విడుపు స్నానానికి నీళ్ళు పెట్టింది. అవి కాగాయి, చల్లారాయి, మళ్ళీ కాగాయి. గ్రహణం విడవలేదు.

"మొండి గ్రహణం" అంది మాణిక్యాలమ్మ.

మధ్యాహ్నాలు సూర్యుడు దుప్పటి తొలగించి ఒక కన్నుతో చూసేవాడు. చిలకమ్మ కనబడేది కాదు. మళ్ళీ ముసుగేసేవాడు.

"అత్తయ్యా, లోపల ఎవరో చొక్కా అడుగుతున్నారు" అంది ఒకరోజు చిలకమ్మ.

"గ్రహణం పూట అలాగే అనిపిస్తుంది. పడుకో."

వసంతం వచ్చాక సూర్యుడు ఆవులిస్తూ లేచాడు. చిలకమ్మ పొట్ట పట్టుకుని వాకిట్లోకి పరుగెత్తింది. సూర్యుడు కంగారుగా సూది అందుకున్నాడు. అప్పుడే నొప్పులు మొదలయ్యాయి. చొక్కాలు పూర్తయ్యాయి గానీ, ముద్రలు అక్కడక్కడా పలచగా పడ్డాయి. ఆడపిల్ల పుట్టింది. సూర్యుడు ముద్రల సంగతీ, సిపాయిల సంగతీ చిలకమ్మకు చెప్పాడు.

"నా కూతురి చొక్కా చింపేస్తారా?" అంది చిలకమ్మ.

"చెప్పలేనమ్మా" అన్నాడు సూర్యుడు. "చాలామందిని సిపాయిలు పట్టించుకోనే పట్టించుకోరు. ఎప్పుడో ఎవరి దగ్గరో పొరబడతారు. ఎవరి దగ్గరో నాకూ తెలియదు."

మాణిక్యాలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "నా వల్లేనా స్వామీ?"

"ముసుగుతన్ని పడుకున్నది నేను కదా" అన్నాడు సూర్యుడు.

పిల్ల నడిచింది, పరుగెత్తింది. అది తూలినప్పుడల్లా చిలకమ్మ చేతిలో పని వదిలేసి వచ్చేది. పిల్ల లేచి మళ్ళీ పరుగెత్తేది. సూర్యుడు పైనుంచి అదంతా చూసేవాడు.

అప్పటినుంచే, ఎండ తక్కువ దేశాల్లో వసంతంలో పుట్టినవాళ్ళకు నరాల చొక్కా చిరిగే జబ్బు రవ్వంత ఎక్కువ, తల్లి వేసవంతా ఎండలో తిరిగాక చలి మొదలయ్యేప్పుడు పుట్టినవాళ్ళకు రవ్వంత తక్కువ. డాక్టర్లు దాన్ని మల్టిపుల్ స్క్లెరోసిస్ అంటారు. తల్లులేమో తప్పు తమదేనని కుమిలిపోతారు. అది విని తల్లుల మొహం చూడలేక, సూర్యుడు ఇప్పటికీ చలికాలమంతా తలెత్తడు. ఆకాశం అంచునే వంగి వంగి నడిచి, పెందలాడే ఇంటికి పోతాడు.