తెర వెనుక రాయబారులు

రెండు మహాసామ్రాజ్యాల నడుమ పూర్వం కేసరివాడ అనే చిన్న రాజ్యం ఉండేది. పడమటి చక్రవర్తికి గుర్రాలు లెక్కలేనన్ని. తూర్పు చక్రవర్తికి ఓడలు లెక్కలేనన్ని. కేసరివాడకు ఉన్నదల్లా పెద్దేరు అనే నది, దానికి ఇరువైపులా బతికే నాలుగు మతాల జనం.

వీరశైవులు, వైష్ణవులు, జైనులు, ముస్లింలు. ఏ ఒక్కరూ మిగిలిన వారిని కాదని రాజ్యం నడపగలిగేంత మంది లేరు. అందుకని నలుగురు పెద్దలతో మంత్రిసభ ఏర్పాటైంది. నలుగురూ సరేనంటేనే రాజు ముద్ర వేయాలి. ఒకరు అలిగి లేచి వెళ్ళిపోతే సభ రద్దయిపోతుంది.

అలిగినవాళ్ళను బతిమాలి తెచ్చి మళ్ళీ సభ కుదర్చడం కొమ్మన పని. అతను ఆస్థానంలో చమత్కారిగా పేరు పడ్డవాడు. కుర్రతనంలో ఆ పని సరదాగానే ఉండేది. ఇప్పుడు అరవై దాటాయి. వీరశైవుల పెద్ద గురులింగయ్య ఏ మాటకు అలుగుతాడో, వైష్ణవుల పెద్ద శఠగోపాచార్యులు ఎప్పుడు ఉత్తరీయం దులిపి లేస్తాడో, జైన వర్తకుల పెద్ద నేమిచంద్ర శెట్టి ఎందుకు నవ్వి ఊరుకుంటాడో, ముస్లిం రౌతుల నాయకుడు దిలావర్ ఖాన్ ఎక్కడ బల్ల గుద్దుతాడో అతనికి ముందే తెలిసిపోయేది. తెలిసిన కొద్దీ అలసట పెరిగింది.

పైగా అలకలు కూడా వాళ్ళ సొంతవి కావు. గురులింగయ్య, ఖాన్ పడమటి రాయబారి మాట వినేవారు. ఆచార్యులు, శెట్టి తూర్పు రాయబారి మాట వినేవారు. పరదేశీయులెవరూ సభలో కూర్చోరాదని కేసరివాడలో పాతకాలపు శాసనం ఒకటుంది. రాజు దాన్ని అక్షరాలా పాటించాడు. సభ చివర పలుచని తెర కట్టించి, రాయబారులకు దాని వెనుక పీటలు వేయించాడు. వెనుక కిటికీ వెలుతురుకు పడమటి వారి పొడుగు టోపీ, తూర్పు వారి వెడల్పాటి తలపాగా తెర మీద నీడలుగా కనిపించేవి. ఆ నీడలు ముందుకు వంగితే సరేనని, అడ్డంగా ఊగితే కాదని అర్థం. పెద్దలు మాట్లాడే ముందు ఒకసారి అటు చూసేవారు. అంతా సభామర్యాద ప్రకారమే జరిగేది.

ఆ ఏడు వరదకు పెద్దేటి మీది వంతెన కొట్టుకుపోయింది. జనం పుట్టిలలో దాటసాగారు. కొత్త వంతెన మాట సభలో ఎత్తినప్పుడల్లా పడమటి నీడ అడ్డంగా ఊగేది, తూర్పువాళ్ళ సైన్యం దాని మీదుగా వస్తుందని. వంతెన మొదట్లో తమ సైనికులే కాపలా ఉంటే తప్ప తూర్పు నీడ వంగేది కాదు. నెలలు గడిచాయి.

ఒకరోజు సుడిలో చిక్కి పుట్టి మునిగింది. కొమ్మన ఏటి ఒడ్డుకు వెళ్ళాడు. సంతకు బయలుదేరిన వాళ్ళంతా పోయారు. కొడుకు కోసం వచ్చిన వీరమ్మ, మొగుడి కోసం వచ్చిన ఫాతిమాబీ ఒకే రాతి మీద కూర్చుని ఉన్నారు. ఏడవడానికి ఇద్దరికీ ఓపిక లేదు. ఫాతిమాబీ వణుకుతుంటే వీరమ్మ తన కొంగు ఆమె భుజాల మీద కప్పింది.

మర్నాడు సభలో పెద్దలు పోయినవారికి సంతాపం తెలిపారు. ఎవరి సంప్రదాయం ప్రకారం ముందు తెలపాలన్న దగ్గర మాటా మాటా పెరిగి సభ వాయిదా పడింది. వంతెన ఊసే రాలేదు.

ఆ సాయంత్రం రాజు విజయకేసరి కొమ్మనను పిలిపించాడు. రాజుకు బిరుదులంటే మహా ప్రీతి. అద్దం ముందు నిలబడి మీసం దువ్వుకుంటూ అన్నాడు:

"కొమ్మనా, వచ్చే పట్టాభిషేక దినానికి కొత్త బిరుదు అనుకున్నాను. సర్వస్వతంత్ర సింహాసనాధీశ్వరుడు. ఎలా ఉంది?"

"బాగుంది ప్రభూ. మొదటి మాటకే నాకు నోరు తిరగడం లేదు."

రాజు చేతిలో దువ్వెన ఆగింది. "అంటే?"

"ముసలివాణ్ణి. పళ్ళు కదులుతున్నాయి."

"వంకర మాటలొద్దు. నా సభలో నా మాట కాక ఇంకొకరి మాట చెల్లుతోందనా?"

కొమ్మన నెమ్మదిగా, "తమరే అన్నారు ప్రభూ," అన్నాడు.

రాజు ముఖం ఎర్రబడింది. "రేపటి సభలో అది రుజువు చెయ్యి. చేస్తే నువ్వు అడిగింది ఇస్తాను. చేయలేకపోతే పట్టాభిషేక దినం ఊరేగింపులో నా ఏనుగు ముందు నడుస్తూ, ఆ బిరుదు గొంతెత్తి చదువుకుంటూ ఊరంతా తిరగాలి."

"చిత్తం," అన్నాడు కొమ్మన. అతని మోకాళ్ళు అప్పటికే నొప్పి పెడుతున్నాయి.

అక్కణ్ణుంచి అతను తిన్నగా పడమటి రాయబారి విడిదికి వెళ్ళాడు. మాటల మధ్యలో, "తూర్పు వారు రేపు ఉదయం కొండ మీది మఠానికి వెళ్తున్నారట. స్వాములతో ఏదో రహస్యం మాట్లాడాలట," అన్నాడు. తర్వాత తూర్పు రాయబారి విడిదిలో, పడమటి వారు వెళ్తున్నారని అదే మాట చెప్పాడు.

తెల్లవారగానే రెండు పల్లకీలు రెండు దారుల్లో కొండెక్కాయి.

సభ వేళకు ముందే కొమ్మన తెర వెనక్కి వెళ్ళాడు. రెండు పీటల మీద రెండు పొడవాటి దిండ్లు నిలబెట్టాడు. నాటకాల సామాను గదిలోంచి తెచ్చిన పొడుగు టోపీ ఒకదానికి, తలపాగా రెండోదానికి పెట్టాడు. వాటికి దారాలు కట్టి, తివాచీ కిందుగా లాగి, తాను కూర్చునే స్తంభం దాకా తెచ్చుకున్నాడు. రెండింటినీ ముందుకు వంచే దారాన్ని కుడికాలి బొటనవేలికి, అడ్డంగా ఊపే దారాన్ని ఎడమకాలి బొటనవేలికి ముడివేసుకుని పంచె కుచ్చెళ్ళు పైన కప్పుకున్నాడు.

సభ మొదలైంది. కొమ్మన లేవకుండానే చేతులు జోడించాడు. "వంతెన సంగతి తేల్చమని మనవి."

"మళ్ళీ అదేనా?" అన్నాడు శఠగోపాచార్యులు.

"మొన్న పోయినవాళ్ళలో మీ వీధివాళ్ళూ ఉన్నారు స్వామీ."

ఆచార్యులు తల దించుకున్నాడు. పైకెత్తినప్పుడు అలవాటు కొద్దీ చూపు తెర మీదికే పోయింది. మిగిలిన ముగ్గురూ అటే చూస్తున్నారు. నీడలు కదల్లేదు. గురులింగయ్య గొంతు సవరించుకున్నాడు. శెట్టి నవ్వి ఊరుకున్నాడు. అందరూ ఎదురుచూశారు.

కొమ్మన కుడి బొటనవేలు కదిపాడు. తెర మీద టోపీ, తలపాగా రెండూ ఒక్కసారే ముందుకు వంగాయి.

నలుగురు పెద్దలూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ రెండు నీడలూ ఒకే మాట మీద నిలవడం వాళ్ళెన్నడూ ఎరగరు. రాత్రికి రాత్రే చక్రవర్తులిద్దరికీ సంధి కుదిరిందనుకున్నారు.

"వంతెన కట్టవలసిందే," అన్నాడు గురులింగయ్య.

"నేనూ ఎప్పట్నుంచో ఆ మాటే అంటున్నాను," అన్నాడు దిలావర్ ఖాన్, ఈసారి బల్ల గుద్దకుండా. ఆచార్యులు సరేనన్నాడు. శెట్టి రాయి, సున్నం తాను సమకూరుస్తానన్నాడు.

రాజు కొమ్మన వైపు చూసి మీసం మెలేశాడు. "చూశావా? నలుగురూ ఎంచక్కా సొంత బుద్ధితో ఒప్పుకున్నారు. నువ్వు ఏనుగు ముందు నడవడానికి సిద్ధంగా ఉండు," అని వంతెన శాసనపత్రాన్ని దగ్గరకు లాక్కుని ముద్ర చేతిలోకి తీసుకున్నాడు. వేయబోతూ, ఎందుకైనా మంచిదని, తానూ ఒకసారి తెర వైపు చూశాడు.

కొమ్మన ఎడమ బొటనవేలు కదిపాడు. నీడలు రెండూ అడ్డంగా ఊగాయి.

రాజు చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

కొమ్మన కాళ్ళకున్న దారాలు విప్పుకుని, స్తంభం పట్టుకుని లేచి, కుంటుకుంటూ వెళ్ళి తెర పక్కకు లాగాడు. పీటల మీద దిండ్లు రెండూ ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉన్నాయి. టోపీ దొర్లి ఆచార్యుల కాళ్ళ దగ్గర పడింది.

"ప్రభూ," అన్నాడు కొమ్మన. అతని గొంతులో గెలిచిన ఆనందమేమీ లేదు. "పెద్దలు దిండు మాట విన్నారు. అందుకు నేను నొచ్చుకోను. నలుగురి వెనుకా నాలుగు రకాల భయాలున్నాయి. కానీ తమ చెయ్యి ఎందుకు ఆగింది?"

రాజు దిండ్లను చూశాడు. ఇంకా గాల్లోనే ఉన్న తన చేతిని చూశాడు. మొదట పెదవి అదిరింది. తర్వాత నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ సింహాసనం మీద వెనక్కి వాలిపోయాడు. శెట్టి నవ్వాడు, ఖాన్ నవ్వాడు, చివరికి ఆచార్యులు కూడా టోపీని చేత్తో తీసి పక్కన పెడుతూ నవ్వాడు.

"నవ్వు ఆగకముందే ముద్ర వేయండి ప్రభూ," అన్నాడు కొమ్మన. "ఆగితే ఆలోచన మొదలవుతుంది."

రాజు ముద్ర వేశాడు.

మధ్యాహ్నానికి రాయబారులిద్దరూ కొండ దిగి, చెమటలు కక్కుతూ వచ్చారు. తాము లేకుండా సభ వంతెనకు ఎలా ఒప్పుకుందని నిలదీశారు.

రాజు ఈసారి మీసం ముట్టుకోలేదు. ఎంతో మర్యాదగా, "అయ్యా, పరదేశీయులు సభలో కూర్చోరాదని మా శాసనం. తమరు ఏనాడూ మా సభలో లేరు. ఈవేళ కొత్తగా లేకపోవడమేమిటి?" అన్నాడు.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని వెళ్ళిపోయారు. ఊరికే ఉండరని కొమ్మనకు తెలుసు. ఇంకో నెలకో, రెండు నెలలకో ఎవరో ఒకరు అలుగుతారు. మళ్ళీ సభ కుదర్చాలి.

వాళ్ళటు వెళ్ళగానే రాజు మళ్ళీ నవ్వు మొదలుపెట్టాడు. ఒంటి మీది పట్టుశాలువా తీసి కొమ్మనకు కప్పాడు.

"అడుగు కొమ్మనా. మాటిచ్చాను."

"వంతెన పని దగ్గరకు పంపండి ప్రభూ. అది పూర్తయ్యేదాకా నన్ను సభకు పిలవొద్దు."

"ఈ వయసులో ఎండలో నిలబడి ఏం చేస్తావు?"

"అక్కడ పనంతా రాళ్ళతో ప్రభూ. ఒకసారి పెట్టిన చోటే ఉంటాయి."

రాజు పగలబడి నవ్వి, సరే వెళ్ళమన్నాడు. మర్నాడు పొద్దున్నే కొమ్మన శాలువా మడిచి భుజాన వేసుకుని ఏటి ఒడ్డుకు బయలుదేరాడు.