తబితమ్మ బల్లగుడ్డ

అనగనగా గోదారి కాలవ గట్టున ఒక ఊళ్ళో తబితమ్మ అని ఒకావిడ ఉండేదే బంగారూ. నోరు చూస్తే కొడవలి. కళ్ళజోడు చూస్తే సీసా అడుగంత మందం. అది తీస్తే ఎదురుగా ఉన్నది గేదో గోడో తెలిసేది కాదు.

ఆ ఊరి ఆడవాళ్ళంతా లేసు అల్లేవాళ్ళు. ఏసయ్య గుడిలో ప్రభువు బల్ల మీద పరిచే తెల్లగుడ్డకి కూడా చుట్టూ లేసే. నెలకోసారి ప్రభువు రొట్టె పంచే బల్ల ఆదివారం వస్తుంది కదా, దాని ముందురోజు ఆ గుడ్డ ఉతికి గంజి పెట్టడం తబితమ్మ పని. "రొట్టె ముట్టుకునే ముందు ఎవరిని వాళ్ళు పరీక్షించుకోండి" అనేవారు పాస్టరయ్యగారు. తబితమ్మ ఊరందరినీ పరీక్షించేది. ఎవరు అబద్ధమాడారు, ఎవరు తగువుపడ్డారు, అన్నీ ఆవిడ నోటి చివరే. ఇక తన సంగతంటావా? తీరికేదీ!

ఒక బల్ల ఆదివారం తెల్లారింది. గంట కొట్టే జకరయ్య మొదటి గంట కొట్టాడు. తబితమ్మ కళ్ళజోడు గూట్లో పెట్టి, కుంకుడుకాయతో తలంటి పోసుకుంది. దండెం మీద చేతికందింది లాగి తలకి చుట్టేసుకుంది. "ఈ తువ్వాలేంటి ఇంత బిరుసు!" అని విసుక్కుంది కూడా.

నవ్వకు. ఇంకా ఉంది.

అప్పుడు జోడు పెట్టుకుని చూస్తే, దండెం మీద బల్లగుడ్డ లేదు! మూడో గంటకి ఆరాధన మొదలు. గుడ్డ లేకపోతే బల్ల లేదు. అది ఎవరో కాజేశారు! తబితమ్మ తలగుడ్డ విప్పకుండానే వీధినపడింది.

ముందు బాలింతరాలు కెజియ ఇల్లు. "ఏవే, బిడ్డకి గౌనుగుడ్డ దొరికిందా?"

కెజియ ఒళ్ళో బిడ్డ పాతచీర పేలికలో ఉంది. "చూసుకో పిన్నీ, ఇదే నా బిడ్డ గౌను" అని ఏడ్చేసింది. అయినా తబితమ్మ ఉయ్యాలంతా దులిపింది.

ఆ తర్వాత గంటస్తంభం దగ్గరికి. జకరయ్య అప్పుడే రెండో గంట కొట్టి నిలబడ్డాడు. "నెత్తి మీదేంటయ్యా? విప్పు తలపాగా!"

"నాదా తబితక్కా? మరి నీ..."

"విప్పమంటే విప్పు!"

పాపం విప్పాడు. గళ్ళ తువ్వాలు. బట్టతల.

ఆ తర్వాత గుడి పక్కనే నవోమి మామ్మ ఇల్లు. ఆ లేసు అల్లింది ఆవిడే, ఇప్పుడు కళ్ళు లేవు. "అల్లింది నేనే కదా అని తిరిగి తీసేసుకున్నావా మామ్మా?" అని తబితమ్మ మీదికి వంగి అరిచింది.

మామ్మ చెయ్యి చాపింది. తబితమ్మ తల తడిమింది. మడతలోకి వేళ్ళు దూర్చింది. "తొమ్మిది ఆకులు, ఒక పువ్వు. నా ముడి నా వేళ్ళకి తెలీదా! అమ్మాయీ, దొంగ నీ నెత్తికెక్కి కూర్చుందే!"

తబితమ్మ గుడ్డ విప్పింది. తడిసి నలిగిపోయింది. మూలన పచ్చటి కుంకుడు మరక. మామ్మ కాళ్ళ మీద పడింది.

"నేను సరే. మిగతావాళ్ళో?" అంది మామ్మ.

తబితమ్మ పరుగు! జకరయ్య అప్పటికే తాడు పట్టుకున్నాడు.

"ఆగయ్యా! గుడ్డ నా తలకే ఉంది. నీ తలపాగా విప్పించాను. క్షమించు."

"చెప్పబోతే విన్నావా? కెజియ ఏడుస్తా కూర్చుందట. వెళ్ళిరా. నువ్వొచ్చేదాకా ఈ తాడు కదలదు."

మళ్ళీ పరుగు! చెప్పు తెగింది. వదిలేసింది. జోడు జారింది. పట్టుకుంది. కెజియ గుమ్మంలో రొప్పుతూ నిలబడి, "దొంగని నేనేనే" అంది.

కెజియ లోపలికెళ్ళింది. బిడ్డని తెచ్చి తబితమ్మ చేతుల్లో పెట్టింది. "పట్టుకో పిన్నీ, నేను చీర కట్టుకోవాలి. గంట కొట్టేస్తాడు!"

ఇద్దరూ బిడ్డతో గుడికి చేరాక, మూడో గంట ఎలా మోగిందనుకున్నావ్! కాలవ అవతలి ఊరు కూడా లేచి కూర్చుంది.

తబితమ్మ అందరి ముందూ ఆ తడిగుడ్డే పరిచింది. ఎంత ఉతికినా ఆ మరక పోలేదట. ప్రతి నెలా ఆ మూల తన వైపుకి వచ్చేలా పరుచుకుని, ముందు దాన్ని చూసుకుని, ఆ తర్వాతే రొట్టెకి చెయ్యి చాపేదట.

మరకేమో మూలకి, మూలేమో కంటికి,
కథేమో కంచికి, కళ్ళు మూసుకో, మనమింక ఇంటికి.